ఇండోర్ వాటర్ పార్కులో కళ్లు మండుతున్నాయా? కారణం మీరనుకునే క్లోరిన్ కాదు!

బయట మంచు కురుస్తుంటుంది. లోపల మాత్రం పిల్లలు స్విమ్ సూట్లు వేసుకుని నీళ్లలో కేరింతలు కొడుతుంటారు. అమెరికాలో చలికాలం వచ్చిందంటే మన తెలుగు కుటుంబాల వీకెండ్ ప్లాన్లలో ఇండోర్ వాటర్ పార్క్ రిసార్ట్ ఉండాల్సిందే. డల్లాస్ వాళ్లకు గ్రేప్‌వైన్‌లోని గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్, ఆస్టిన్ వాళ్లకు రౌండ్ రాక్‌లోని కలహారి, న్యూజెర్సీ వాళ్లకు పోకనోస్ దగ్గర. ఈ ట్రెండ్ ఊపందుకుంది విస్కాన్సిన్ డెల్స్ అనే చిన్న ఊళ్లో. వేసవి అయిపోగానే బోసిపోయే ఆ టూరిస్ట్ ఊరికి, 1990ల్లో హోటళ్ల లోపలే వాటర్ పార్కులు రావడంతో ఏడాదంతా గిరాకీ దొరికింది.

గది రేటులోనే పార్క్ ఎంట్రీ కూడా కలిపి ఉంటుంది. రిసార్ట్ ఫీజు, పన్నులు మాత్రం అదనం, చివరి బిల్లు చూశాకే బుక్ చేయండి. శని, ఆదివారాల కన్నా మామూలు రోజుల్లో రేట్లు సాధారణంగా తక్కువ. గదుల్లో చాలావరకు ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి కాబట్టి పులిహోర డబ్బా పట్టుకెళ్లినా ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. పార్కులోకి అడుగుపెట్టగానే ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. కాసేపటికి పిల్లల కళ్లు ఎర్రబడతాయి, కొందరికి దగ్గు కూడా. "క్లోరిన్ బాగా కలిపారు, నీళ్లు శుభ్రంగానే ఉన్నాయిలే" అనుకుంటాం. కానీ జరిగేది వేరు. చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న క్రీములతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు అనే రసాయనాలు పుడతాయి. ఆ ఘాటు, ఆ మంట వాటివల్లే. పైగా చెమట, మూత్రంతో కలిసిపోయిన క్లోరిన్ క్రిములను చంపడానికి మిగలదు. అంటే వాసన ఎక్కువైందంటే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కాదు, దాదాపు దానికి రివర్స్!

బయట కొలను అయితే గాలికి ఇవి చెదిరిపోతాయి. పైకప్పు ఉన్నచోట నీటి మీదే పేరుకుంటాయి, చిన్నపిల్లల ముక్కు ఉండేది సరిగ్గా అక్కడే. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇది మరీ ఇబ్బంది. ఇన్‌హేలర్ గదిలో వదిలేయకుండా వెంట ఉంచుకోండి. దగ్గు మొదలైతే బయటి గాలికి తీసుకెళ్లండి, ఘాటు గురించి సిబ్బందికి చెప్పండి.

మరి మన చేతిలో ఏముంది? నీళ్లలో దిగేముందు కనీసం 1 నిమిషం షవర్, గంటకోసారి పిల్లలకు బాత్రూమ్ బ్రేక్. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది ఇదే. ఇంటి దగ్గర స్నానం చేసే వచ్చాం కదా అని షవర్ దాటేసేవాళ్లే ఎక్కువ.

లైఫ్‌గార్డులు ఉన్నారని నిశ్చింతగా ఉండటం కూడా రిస్కే. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునగడమే. సినిమాల్లోలా కేకలు, చేతులు ఊపడం ఉండవు, చాలాసార్లు చప్పుడు లేకుండా జరిగిపోతుంది. చేతులకు తొడిగే గాలి బుడగలను నమ్మొద్దు, కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ వేయండి. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తే "ఎవరో ఒకరు చూస్తున్నార్లే" అనే ధీమా వచ్చేస్తుంది. అందుకే పావుగంటకొకరు చొప్పున డ్యూటీ వేసుకోండి, ఆ టైమ్‌లో వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. ఇండియా నుంచి వచ్చిన ఈత రాని తాతయ్యకో, అమ్మమ్మకో ఈ డ్యూటీ అప్పగించకండి.

చివరిగా, బుక్ చేసేటప్పుడే క్యాన్సిలేషన్ రూల్స్ చదవండి. ప్రయాణం ముందురోజు పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే, డబ్బులు పోతాయని చాలామంది అలాగే వెళ్లిపోతారు. విరేచనాలకు కారణమయ్యే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, సరిపడా క్లోరిన్ ఉన్న నీళ్లలో కూడా 7 రోజులకు పైగా బతకగలదు. అది సోకినట్టు తేలితే, విరేచనాలు తగ్గాక కూడా 2 వారాలు నీళ్లలో దిగకూడదు.