పడవ మీది నంబరు



మధుర, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువాళ్లకు సముద్రం కాస్త దూరమే గానీ, నీళ్ల మీద విహారం కొత్త కాదు. తిరుమల నాయకుడు 17వ శతాబ్దంలో తవ్వించిన వండియూరు తెప్పకుళంలో తెప్పోత్సవం చూస్తూ పెరిగినవాళ్లం. వేసవి వస్తే ఊటీకో, కొడైకానల్‌కో బయలుదేరతాం. ఆ రెండు చెరువులూ మన జిల్లాలతో ముడిపడినవే. ఊటీ చెరువు కట్టించినది కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్. కొడైకానల్ చెరువును 1863లో కట్టించినది మధుర కలెక్టరుగా పనిచేసిన లెవింజ్. ఇక కంబం, కుమిళి దాటితే తేక్కడి. పెరియారు నీళ్లు మన వైగై వైపు వస్తాయి, మన జనం ఆ నీళ్లను చూడటానికి అటు పోతారు.

అయితే ఒక్క మాట అడుగుతాను. రాత్రిపూట పిల్లను ఆటో ఎక్కిస్తే దాని నంబరు గుర్తుపెట్టుకుంటాం కదా. మరి ఇంటిల్లిపాదీ పడవ ఎక్కేటప్పుడు, ఆ పడవకు నంబరు ఉందో లేదో ఎప్పుడైనా చూశారా?

2009 సెప్టెంబరు 30న తేక్కడిలో జలకన్యక అనే పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ లాంచీ మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది బలయ్యారు. చేపల పడవను మార్చి విహారానికి తిప్పిన పడవ అది. పైగా పరిమితికి మించి జనాన్ని ఎక్కించారు.

ఈ ప్రమాదాలకు కారణాలు వేరువేరు. కానీ ప్రతిసారీ ముందుకొచ్చిన ప్రశ్నలు ఒక్కటే. ఆ పడవను ఎవరు పరీక్షించారు? ఎంతమందికి అనుమతి ఇచ్చారు? బాధ్యుడు ఎవరు? ఆ జవాబులన్నీ ఉండవలసిన దస్త్రానికి తాళంచెవి, పడవ మీది నంబరు.

ఆ నంబరు ఎలా వస్తుందో చూద్దాం. నదులు, చెరువులు, కాలువల్లో తిరిగే పడవలకు మన దేశంలో 1917 నుంచి ఒక చట్టం ఉండేది. దాని స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. దీని ప్రకారం మరపడవ యజమాని ముందుగా పడవను తనిఖీ చేయించి, సర్వే పత్రం పొందాలి. పడవ కట్టడం, ఇంజను, ప్రాణరక్షణ సామగ్రి సర్వే అధికారి పరిశీలిస్తాడు. తరువాత రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టుకుంటే రిజిస్ట్రేషను పత్రం, దానితో ఒక నంబరు వస్తాయి. ఆ నంబరును అందరికీ స్పష్టంగా కనిపించే చోట పడవ మీద రాయించడం యజమాని బాధ్యత. పడవ నడిపే సరంగుకు అర్హత పత్రం ఉండాలి, పడవకు బీమా ఉండాలి. పడవను మార్చి కట్టినా, ఇంకొకరికి అమ్మినా రిజిస్ట్రారుకు తెలపాలి. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతటా చెల్లుతుంది. మోటారు లేని పడవలకు స్థానిక సంస్థల ద్వారా నమోదు చేసే వేరే ఏర్పాటును కూడా ఈ చట్టం చెప్పింది.

సముద్రంలో చేపల వేటకు పోయే పడవల పద్ధతి వేరు. రామేశ్వరం వెళ్లినప్పుడు గమనించండి. ఐ.ఎన్.డి., టి.ఎన్., 10, ఎం.ఎం. అనీ, ఆ తరువాత కొన్ని అంకెలూ కనిపిస్తాయి. ఐ.ఎన్.డి. అంటే భారతదేశం, టి.ఎన్. అంటే తమిళనాడు, ఎం.ఎం. అంటే మరపడవ. అటువంటి వేట నంబరున్న పడవలో ఎవరైనా మిమ్మల్ని షికారుకు రమ్మంటే, అది జనాన్ని ఎక్కించుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదని తెలుసుకోండి.

మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుకున్నారు. తేక్కడి పోతే బోర్డులు మలయాళంలో ఉంటాయి. పత్రం చదవలేమని వెనక్కి తగ్గవద్దు. అంకెలు అందరికీ ఒక్కటే. ఎంతమందిని ఎక్కించవచ్చో ఆ అంకె చూపించమని అడగండి. ఎక్కినవాళ్లను మీరే లెక్కపెట్టండి. తలకొక లైఫ్ జాకెట్ ఉందో లేదో చూడండి, పిల్లలకు సరిపోయేవి వేరుగా అడగండి. విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులకు ఈ లెక్క హాజరు పట్టీ అంత ముఖ్యం.

నంబరు ఉంటే పడవ మునగదని నేను అనడం లేదు. జలకన్యక సాక్షాత్తూ ప్రభుత్వ రంగ పర్యాటక సంస్థ పడవే. అందులోనివాళ్లు జంతువులను చూడటానికి ఒక పక్కకు చేరడంతో పడవ ఒరిగిందని అప్పటి వార్తలు చెప్పాయి. కాబట్టి సరంగు కూర్చోమంటే కూర్చోవలసిందే. నంబరు పని పడవను తేల్చడం కాదు, ఆ పడవకు జవాబుదారీ ఎవరో తేల్చడం. నంబరు లేని పడవకు ఆ జవాబుదారీయే ఉండదు.

మీకే సొంత పడవ ఉంటే, తోటలోని చెరువులో అతిథుల కోసం తిప్పుతూ ఉంటే, ఈ నియమాలు మీకూ వర్తిస్తాయేమో తెలుసుకోండి. దీన్ని దండుగ ఖర్చు అనుకోవద్దు. ఎక్కబోయేది మీ చుట్టాలే.

నంబరు అడిగితే పడవవాడు చిన్నబుచ్చుకుంటాడేమో అని మొహమాటపడవద్దు. ఒడ్డున మొహమాటం ఖరీదు ఒక్క మాట. నడినీళ్లలో దాని ఖరీదు వేరు. చూపించకపోతే ఎక్కకండి. ఒడ్డున కూర్చుని చూసినా చెరువు అందంగానే ఉంటుంది.