వార్తల్లో పదం: ఎస్‌ఏపీసీసీ

ఎండలు, అకాల వర్షాలు, తీరం కోత గురించిన వార్తల్లో ఈ పొడి అక్షరాలు కనిపిస్తుంటాయి. విప్పితే, స్టేట్ యాక్షన్ ప్లాన్ ఆన్ క్లైమేట్ చేంజ్. వాతావరణ మార్పుల వల్ల రాష్ట్రంలో ఎక్కడ, ఎవరికి, ఎంత దెబ్బ తగలొచ్చో అంచనా కట్టి, ఏ శాఖ ఏం చేయాలో ప్రభుత్వం రాసుకునే ప్రణాళిక ఇది.

కేంద్రం 2008లో ఎనిమిది మిషన్లతో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. మరుసటి ఏడాది రాష్ట్రాలనూ సొంతంగా తయారుచేసుకోమంది. ముందుగా కదిలినవాటిలో తుపాన్ల దెబ్బలెరిగిన ఒడిశా ఒకటి. ఆంధ్రప్రదేశ్ కోసం ఈ పని హైదరాబాద్‌లోని ఈపీటీఆర్‌ఐ (పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ) చేపట్టింది.

అసలు కీలకం అధ్యయనంలో ఉంది. ఏళ్ల తరబడి నమోదైన వాన, ఉష్ణోగ్రత వివరాలకు వాతావరణ నమూనాల అంచనాలు జోడిస్తారు. ఆపై జిల్లాలవారీగా ముప్పు తూకం వేస్తారు. వచ్చింది ఒకే కరువైనా, కాలువ కింది రైతుకూ బోరును నమ్ముకున్న మెట్ట రైతుకూ తగిలే దెబ్బ ఒకటి కాదు కదా! అందుకే వానా ఎండల లెక్కతో పాటు సాగునీటి వసతి, కుటుంబాల ఆదాయం, ఆస్పత్రుల అందుబాటు కూడా చూస్తారు. ఎండల వేళ కూలీల పని గంటలు మార్చడం, తీరంలో మడ అడవులు పెంచడం, తక్కువ నీటితో పండే పంటల వైపు మళ్లించడం లాంటివి ఈ లెక్కల నుంచి పుట్టే పనులే.

ఈ ప్రణాళిక చట్టం కాదు. డబ్బు చాలావరకు శాఖల మామూలు పద్దుల నుంచే రావాలి. వాతావరణ మార్పులను తట్టుకునే పనుల కోసం 2015లో మొదలైన జాతీయ అనుకూలన నిధి నుంచి నాబార్డు ద్వారా కొన్ని ప్రాజెక్టులకు సాయం అందింది. కాబట్టి ముప్పు జాబితాలో మీ జిల్లా ఎన్నోదో చూసినప్పుడు, బడ్జెట్‌లో దానికి పద్దు ఉందో లేదో కూడా చూసుకోవాలి.