అమ్మను నడిపించేదెవరు?

"అక్కా, అమ్మకొక మరమనిషిని పంపించనా?" అని కిందటి వేసవిలో మా తమ్ముడు డల్లాస్ నుంచి ఫోను చేశాడు. పరిహాసమాడుతున్నాడనుకుని, "వంట కూడా వచ్చినదాన్ని చూసి పంపరా" అన్నాను. వాడు నవ్వలేదు. మతిమరుపు జబ్బు వచ్చిన వృద్ధులను నడిపించడానికి యంత్రాలను పెట్టి చూస్తున్నారట. ఖరీదెంతైనా తానే భరిస్తానన్నాడు. నాకు వొళ్ళు మండింది. తాను రాడు గాని, యంత్రాన్ని పంపుతాడట! ఫోను పెట్టేశాను.

నిజం చెప్పాలంటే, నా కోపం వాడి మీద కాదు. ఆ ఉదయమే నేను అమ్మను కసురుకుని వున్నాను.

అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళుగా ఆమె జ్ఞాపకశక్తి కొద్దికొద్దిగా జారిపోతోంది. డాక్టరు గారు పరీక్షచేసి "డిమెన్షియా" అన్నారు. కాళ్ళకు లోపమేమీ లేదు, రెండు పూటలా కాస్త నడిపించండి అన్నారు. చెప్పడం తేలికే. "లే అమ్మా, నాలుగడుగులు వేద్దాం" అంటే, "ఇప్పుడే గదటే గుడికి వెళ్ళి వచ్చాను, కాళ్ళు పీకుతున్నాయి" అంటుంది. ఆమె గుడికి వెళ్ళి ఆరు నెలలైంది. రెండోసారి అడిగినా అదే జవాబు. మూడోసారికి నాకు కాలేజీ వేళ ముంచుకు వస్తుంది. ఆ ఉదయం నోరు జారి, "ఎందుకమ్మా యీ అబద్ధాలు!" అనేశాను. ఆమె బిత్తరపోయి కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. ఆనాడు క్లాసులో పద్యం చెబుతున్నంతసేపూ నాకు ఆ పట్టుకున్న చేతులే కనిపించాయి.

కోపం చల్లారాక, తమ్ముడు చెప్పిన సంగతేమిటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

డిమెన్షియా అనేది ఒక్క వ్యాధి పేరు కాదు. మెదడును పాడుచేసే పలు వ్యాధుల వల్ల కలిగే స్థితి. వాటిలో ఎక్కువగా కనిపించేది 1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ మొదట వర్ణించిన వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021 నాటికి 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. మన దేశంలో అరవై దాటినవారిలో యించుమించు 88 లక్షల మంది వుంటారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

ఈ జబ్బులో పోయేది జ్ఞాపకం ఒక్కటే అనుకుంటాం. చాలామందిలో "మొదలుపెట్టడం" కూడా పోతుంది. కాళ్ళు బాగానే వుంటాయి, నడక మరచిపోలేదు. కాని లేవాలి అన్న తలంపు దానంతట అది పుట్టదు. పక్కనున్నవారు సోమరితనం అనుకుంటారు, మొండితనం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కూర్చున్నకొద్దీ కండ తగ్గుతుంది, తూలు ఎక్కువౌతుంది, రాత్రి నిద్ర చెడుతుంది. కాబట్టి, ఆ మొదటి అడుగు వేయించేదెవరు అన్నదే అసలు ప్రశ్న.

అక్కడికే మరమనిషి వస్తున్నాడు. మాటల పుట్టుక వెతకడం మా తెలుగు మాస్టర్ల అలవాటు గదా! "రోబో" అన్న మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకంలోది. ఆ మాటను అతని అన్న జోసెఫ్ సూచించాడు. దాని మూలమైన చెక్ మాటకు వెట్టిచాకిరి అని అర్థం. వెట్టి చెయ్యడానికి పుట్టినవాడు వృద్ధుల చెయ్యిపట్టే దశకు వచ్చాడన్నమాట.

ఈ పని చేసి చూసినవారిలో వియన్నా నగరంవారు ముఖ్యులు. అక్కడ "కరుణాలయం" అని అర్థం వచ్చే పేరుగల ఒక వృద్ధుల ఆశ్రమం వుంది. ఐరోపా సమాజం ధనసహాయంతో 2013 నుంచి 2017 వరకు సాగిన "స్ట్రాండ్స్" అనే పరిశోధనలో భాగంగా ఆ ఆశ్రమంలో ఒక రోబోను దింపారు. పేరు హెన్రీ. కాళ్ళు లేవు, చక్రాలున్నాయి. పైన కళ్ళున్న తల, వొంటికి ఒక తెర. డిమెన్షియా బాగా ముదిరిన వృద్ధులు వ్యాయామ చికిత్సకులతో కలిసి గుంపుగా నడిచేవేళ హెన్రీ వారికి తోడుగా బయలుదేరేవాడు. చెవికి పాటలు, కంటికి బొమ్మలు అందించేవాడు. ఇలా రెండు గుంపులతో ఒక నెల నడిపి చూశారు. ఫలితాలు 2016లో ప్రకటించారు.

ఇటువంటి పరీక్షలో చిక్కు ఒకటుంది. మందును పరీక్షిస్తే రోగి "నయంగా వుంది" అని చెబుతాడు. ఇక్కడ నడిచినవారిని మర్నాడు అడిగితే, నడిచినట్టే గుర్తుండకపోవచ్చు. అందుచేత నడుస్తున్నప్పుడే పక్కనుండి గమనించాలి. రోజూ నడిపించే చికిత్సకులను అడిగి తెలుసుకోవాలి. వియన్నాలో అలాగే చేశారు.

తేలిందేమిటి? హెన్రీ వున్నప్పుడు గుంపులో ఉత్సాహం పెరిగింది. మనుషులు ఒకరికొకరు దగ్గరయ్యారు, ముఖాలు తేటపడ్డాయి. ఐతే అందరికీ కాదు. కొందరు యంత్రాన్ని చూసి భయపడవచ్చు, తికమకపడవచ్చు. ఇక చికిత్సకుల సంగతి అడక్కండి! యంత్రం మొరాయించినప్పుడల్లా దాన్నీ చూసుకోవాలి, వృద్ధులనూ చూసుకోవాలి. పని తగ్గించడానికి వచ్చినవాడు పని పెంచాడు. ఈ సంగతిని పరిశోధకులు దాచకుండా రాశారు. అందుకే నాకు వారి మాట మీద గురి కుదిరింది.

ఒక నెల పరీక్షకు ఇంకో సందేహం కూడా వుంటుంది. కొత్త వింత, పాత రోత అన్నారు గదా, ఆరు నెలలైతే హెన్రీ వెంట ఎవరు నడుస్తారు? మతిమరుపు వారికి రేపు కూడా అది కొత్తే అనవచ్చు. కాని అంత తేలిక కాదు. అయోవా విశ్వవిద్యాలయంవారు 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఆల్జైమర్ రోగులకు సంతోషపెట్టే సినిమా ముక్కలు, దుఃఖపెట్టే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికి చూసిన సంగతి వారికి సరిగా గుర్తులేదు. ఆ సంతోషం, ఆ దుఃఖం మాత్రం మిగిలే వున్నాయి.

ఇది చదివి పుస్తకం మూసేశాను. నేను కసిరిన మాట అమ్మ మరచిపోయి వుంటుంది. ఆ బెదురు మాత్రం ఆమెలో ఎంతసేపు నిలిచిందో!

హెన్రీ దగ్గర వున్నదీ నా దగ్గర లేనిదీ ఏమిటో అప్పుడు తెలిసింది. వాడు వందసార్లు పిలిచినా విసుక్కోడు. వాడికి కాలేజీ వేళ ముంచుకు రాదు.

తమ్ముడికి నేనే ఫోను చేశాను. "మరమనిషి వద్దురా. రోజూ యిక్కడి సాయంత్రం ఆరింటికి నువ్వు ఫోనులో కనిపించు, చాలు" అన్నాను. రెండు రోజులు వాడు "ఎలా వున్నావమ్మా?" అన్నాడు, ఆమె కూర్చునే "బాగున్నారా" అంది. మూడోనాడు మాటవరసకు, "అమ్మా, పెరట్లో నేను నాటిన కరివేపాకు చెట్టు చిగిర్చిందా?" అన్నాడు. "ఉండరా, చూసొస్తా" అంటూ అమ్మ లేచింది! నేను ఫోను ఒక చేత, ఆమె భుజం ఒక చేత పట్టుకుని పరుగున వెంటపడ్డాను. చెట్టుదాకా ముప్ఫై అడుగులు. తిరిగి వచ్చాక, "మరి గోడపక్కన మందారమో?" అన్నాడు వాడు. మళ్ళీ లేచింది.

"నడు" అన్న మాటకు లేవని మనిషి, తన వల్ల ఒకరికి అవసరం పడితే లేచింది. ఇది శాస్త్రం కాదు, ఒక యింటి అనుభవం మాత్రమే. లేవని రోజులూ వున్నాయి. ఒకనాడు తెరవంక చూసి, "ఎవరే యీ అబ్బాయి?" అంది. వాడు కాసేపు మాట్లాడలేకపోయాడు. ఆ రోజు బలవంతపెట్టలేదు.

మునుపు అమ్మ ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు తమ్ముడు రోజూ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. అమ్మ ఒక్కనాడూ విసుక్కోలేదు. రోజూ వెళ్ళి చూసి, "చిగిర్చిందిరా" అని కొత్తగా చెబుతుంది.

సంక్రాంతికి వాడు వస్తున్నాడు. చెట్టును అమ్మతో కలిసి తానే చూస్తాడట.