నదులు పైకి పారే గ్రహం

"మీ అబ్బాయి క్లాసులో కూర్చుంటాడు కానీ ఇక్కడ ఉండడు" అన్నారు టీచర్. నిజమే. మావాడు థర్డ్ గ్రేడ్. వాడికో సొంత గ్రహం ఉంది, అక్కడ నదులు పైకి పారతాయి. రిసెస్‌లో మాత్రం ఒంటరి.

పిల్లలు అల్లుకునే ఇలాంటి లోకాన్ని సైకాలజీలో పారాకాజమ్ అంటారు. 1826లో బ్రాన్‌వెల్ బ్రాంటీకి తండ్రి 12 బొమ్మ సైనికుల్ని తెచ్చిస్తే, అక్కచెల్లెళ్లతో కలిసి వాటి చుట్టూ రాజ్యాలే కట్టాడు. షార్లెట్, ఎమిలీ, ఆన్ పెద్దయ్యాక నవలలు రాశారు. నాకు నచ్చింది మాత్రం, నలుగురూ కలిసి ఆడడం.

తలలోనే ఉంటే ఆ లోకంలోకి ఇంకొకరు ఎలా వస్తారు? అందుకే మ్యాప్ గీయించాను, మీరూ గీయించి చూడండి. చదివింది బీఎస్సీ ఫిజిక్స్ కదా, నదులు పైకెందుకు పారతాయని అడిగాను. సమాధానం రెండు పేజీలు! ఆ మ్యాప్ చూసి పక్కింటి పాప "నా ఇల్లెక్కడ?" అంది.

రిసెస్‌లో ఇంకా ఒంటరే. శనివారాలు మాత్రం గ్రహం మీద ఇద్దరుంటున్నారు.