స్వస్థపరచే చేతులకూ స్వస్థత కావాలి

ఏలీయా మహాప్రవక్త కర్మెలు పర్వతం మీద సాధించిన విజయాన్ని గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆకాశం నుండి అగ్ని దిగింది. మూడున్నరేళ్ల కరువు తీరి వాన కురిసింది. కాని ఆ మరుసటి అధ్యాయం మీద ప్రసంగాలు తక్కువే. యెజెబెలు రాణి చంపుతానని కబురు పంపగానే అదే ఏలీయా ప్రాణభయంతో బెయేర్షెబా దాకా పరుగెత్తాడు. వెంట ఉన్న సేవకుణ్ణి అక్కడే వదిలేశాడు. ఒంటరిగా ఎడారిలోకి ఒక రోజు ప్రయాణమంత దూరం వెళ్లి బదరీవృక్షం కింద కూలబడ్డాడు. ఇక చాలు, తన ప్రాణం తీసేసుకోమని దేవుణ్ణి అడిగాడు (1 రాజులు 19:3,4). సారెపతు ఊరిలో విధవరాలి బిడ్డ చనిపోతే మూడుసార్లు ఆ బిడ్డ మీద పడి ప్రార్థించి బ్రతికించిన దైవజనుడు ఇతడే! పరాయి బిడ్డకు ప్రాణం తిరిగి ఇప్పించినవాడికి తన ప్రాణం బరువైపోయింది.

ఈ అధ్యాయం వైద్యులకు, నర్సులకు, అంబులెన్స్ సిబ్బందికి ఎంత దగ్గరిదో 2020లో కరోనా మహమ్మారి ప్రపంచానికి చూపించింది.

డాక్టర్ లోర్నా బ్రీన్ న్యూయార్క్ నగరంలో, మన్‌హట్టన్ ఉత్తర కొసన ఉన్న అలెన్ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి అధిపతి. వయసు 49 ఏళ్లు. దేవుని యందు భయభక్తులు గల విశ్వాసి. 2020 మార్చిలో నగరంలో వ్యాధి విజృంభించింది. అంబులెన్సులు బారులు తీరాయి. శవాల గదులు చాలక ఆసుపత్రుల బయట శీతల ట్రక్కులు నిలిపారు. ఆమెకు కూడా కోవిడ్ సోకింది. జ్వరం తగ్గీ తగ్గకముందే, ఏప్రిల్ మొదట్లో, ఆమె మళ్లీ విధుల్లో చేరింది. పన్నెండు గంటల డ్యూటీ ముగిసినా ఇంటికి వెళ్లలేకపోయేది. కొద్దిరోజులకే తాను కుర్చీలోంచి లేవలేకపోతున్నానని చెల్లెలికి ఫోన్ చేసింది. కుటుంబసభ్యులు ఆమెను వర్జీనియాకు తీసుకువెళ్లి ఆసుపత్రిలో చేర్పించారు. చికిత్స జరిగింది, ఇంటికి వచ్చింది. కాని 2020 ఏప్రిల్ 26న ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. అంతకుముందు ఆమెకు ఏ మానసిక వ్యాధీ లేదని కుటుంబం చెప్పింది. ఆమె తండ్రి కూడా వైద్యుడే. తన కూతుర్ని వీరవనితగా కీర్తించాలని ఆయన కోరాడు.

ఆ చివరి రోజుల్లో ఆమెను వేధించిన భయం మరణాన్ని గురించినది కాదు. మానసిక చికిత్స తీసుకున్నట్టు తెలిస్తే డాక్టరుగా తన లైసెన్సు పోతుందేమో, తన వృత్తి జీవితం ముగిసిపోతుందేమో అన్నదే ఆమె దిగులని కుటుంబం తర్వాత వెల్లడించింది. వేలమందికి వైద్యం చేసిన వ్యక్తి తనకు వైద్యం కావాలని చెప్పుకోవడానికి భయపడింది. ఎంత విషాదం!

ఇది ఒక్క మనిషి కథ కాదు. చైనాలో 34 ఆసుపత్రులకు చెందిన 1,257 మంది వైద్య సిబ్బందిని ప్రశ్నించి, 2020 మార్చిలో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో సగం మందికి పైగా కుంగుబాటు లక్షణాలు, నూటికి 44 మందికి ఆందోళన, 34 మందికి నిద్రలేమి, 71 మందికి మానసిక క్షోభ ఉన్నట్టు తేలింది. నర్సులు, మహిళలు, రోగులకు నేరుగా సేవ చేసేవారు, వ్యాధి మొదలైన వుహాన్ నగరంలో పనిచేసేవారు మిగతావారికంటే ఎక్కువగా నలిగిపోయారు.

ఎందుకిలా జరుగుతుంది? చావును చూడటం ఎమర్జెన్సీ సిబ్బందికి కొత్త కాదు. అయితే మామూలు రోజుల్లో ఒక ప్రాణం పోతే మరో నాలుగు ప్రాణాలు నిలబెట్టిన తృప్తి ఉంటుంది. మహమ్మారిలో ఆ లెక్క తలకిందులైంది. ఎంత చేసినా రోగులు కన్నుమూస్తూనే ఉన్నారు. బంధువులను లోపలికి రానివ్వని ఆ రోజుల్లో కొడుకుగా, కూతురిగా చేయి పట్టుకోవలసిన బాధ్యత నర్సు మీద పడింది. ఫోన్‌లో భార్య ముఖం చూపించి భర్తకు ఆఖరి మాట వినిపించింది కూడా ఆమే. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన దేశంలో ఆక్సిజన్ కొరత వచ్చినప్పుడు, ఉన్న ఒక్క పడక ఎవరికివ్వాలో తేల్చుకోవలసిన దుస్థితి ఎందరో వైద్యులకు ఎదురైంది. చేయవలసింది ఏమిటో తెలిసి కూడా చేయలేకపోయినప్పుడు మనస్సాక్షికి తగిలే దెబ్బ వేరు. ఆ గాయం నెత్తురు కార్చదు, ఎక్స్‌రేలో కనబడదు. కళ్లు మూస్తే అవే ముఖాలు, నిద్రలో అవే మెషిన్ల మోత. ఇంట్లో చిన్నమాటకే కోపం, లేదంటే రాయిలాంటి మౌనం. మహమ్మారి వెళ్లిపోయినా ఆ గాయం కొందరిలో ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

దీనికి తోడు సమాజం చేసిన గాయాలున్నాయి. 2020 మార్చి 22న దేశమంతా వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే అద్దె ఇళ్లు ఖాళీ చేయమని వారిలో కొందరిని యజమానులు వేధించారు. ఏప్రిల్‌లో చెన్నైలో న్యూరో సర్జన్ డాక్టర్ సైమన్ హెర్క్యులిస్ కోవిడ్‌తో చనిపోతే ఆయనను కీల్పాక్ సమాధుల తోటలో పాతిపెట్టనివ్వకుండా గుంపు అడ్డుకుంది. శవాన్ని తెచ్చిన అంబులెన్స్ మీద రాళ్లు రువ్వింది. ఇంకోచోట అర్ధరాత్రి తోటి డాక్టరే ఆయన శరీరాన్ని సమాధిలో దించి మట్టి కప్పవలసి వచ్చింది. తాము కోరుకున్న చోట తిరిగి పాతిపెట్టుకునేందుకు హైకోర్టు అనుమతి కోసం కుటుంబం 2021 దాకా ఎదురుచూసింది. వైద్య సిబ్బందిపై దాడిని నాన్‌బెయిలబుల్ నేరంగా చేస్తూ 2020 ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. చట్టం రాళ్లను ఆపవచ్చు. రాయి తగిలిన మనసును మాన్పవలసింది మనుషులే.

ఇప్పుడు మళ్లీ బదరీవృక్షం దగ్గరికి వెళ్దాం. చావు కోరుకున్న ఏలీయాతో దేవుడు ఎలా వ్యవహరించాడు? అగ్నిని దింపిన నీకు ఈ అవిశ్వాసమేమిటని గద్దించలేదు. ఒక్క వాక్యం కూడా బోధించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత దేవదూత అతణ్ణి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, ఇంకొంచెం తినమన్నాడు (1 రాజులు 19:5-8). అలసిపోయినవాణ్ణి దోషిగా కాక, అలసినవాడిగానే చూశాడు దేవుడు! ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర, ఇక్కడ నీకేం పని అని రెండుసార్లు అడిగాడు. ఏలీయా రెండుసార్లూ అదే మొర పెట్టుకున్నాడు, దేవుడు రెండుసార్లూ విన్నాడు. గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాక మెల్లని స్వరంతో మాట్లాడాడు. నువ్వు ఒంటరివి కాదని చెప్పి, బయలుకు మోకరించని ఏడువేల మందిని గుర్తుచేశాడు. అతని పని పంచుకోవడానికి ఎలీషాను తోడు ఇచ్చాడు. నిద్ర, భోజనం, ఆలకించే చెవి, తోడు. ఈనాటి మానసిక వైద్యులు మొట్టమొదట చెప్పేవి కూడా ఇంచుమించు ఇవే!

మన సంఘాల్లో నర్సులు లేని సంఘం అరుదు. గుంటూరుకు 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అలాంటి మిషన్ ఆసుపత్రుల పుణ్యమా అని మన విశ్వాస కుటుంబాల ఆడపిల్లలు తరతరాలుగా ఈ సేవలో ఉన్నారు. ఈనాడు వారిలో ఎందరో గల్ఫ్ దేశాల్లో, బ్రిటన్‌లో, అమెరికాలో పనిచేస్తున్నారు. కాని ఆదివారం డ్యూటీ పడి ఆరాధనకు రాలేకపోతే మనం ఏమంటాం? ఆ అమ్మాయికి భక్తి తగ్గిందంటాం. నిద్రపట్టడం లేదని చెబితే ప్రార్థన చాలడం లేదంటాం. ఏడిస్తే విశ్వాసికి ఏడుపేమిటంటాం. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువే కన్నీరు విడిచాడు కదా! గెత్సేమనే తోటలో తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగిందని శిష్యులకు దాచకుండా చెప్పి, తనతో మెలకువగా ఉండమని వారిని బ్రతిమాలాడు. తన వేదన చెప్పుకోవడానికి, స్నేహితుల తోడు అడగడానికి దేవుని కుమారుడే సిగ్గుపడలేదు. ఇక మన బిడ్డలు ఎందుకు సిగ్గుపడాలి?

ప్రియులారా, మీ సంఘంలో ఒక నర్సు, ఒక డాక్టరు, ఒక అంబులెన్స్ డ్రైవరు ఉంటే ఈ వారం వారిని పలకరించండి. ఆసుపత్రి ఎలా ఉందని కాదు, నువ్వెలా ఉన్నావమ్మా అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. వారు చెబితే వినండి, వాక్యం చెప్పే తొందర వద్దు. నైట్ డ్యూటీ నుండి వచ్చే ఇంటికి ఒక పూట భోజనం పంపండి. వారి పిల్లల్ని ఒక సాయంత్రం మీరు చూసుకోండి. దేవదూత ఏలీయాకు చేసింది ఇంతకంటే పెద్ద పనేమీ కాదు. కాపరులారా, మనసు నలిగినవారిని ప్రార్థించి పంపేస్తే చాలదు. మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లమని ధైర్యం చెప్పండి, అవసరమైతే వెంట వెళ్లండి. షుగర్‌కు మాత్ర మింగడం అవిశ్వాసం కానప్పుడు కుంగుబాటుకు మందు వాడటం ఎలా అవిశ్వాసమవుతుంది? 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఎవరైనా, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు చర్చి నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. అవసరమైన వారు ఎవరూ చూడకుండా రాసుకుంటారు.

బలవంతంగా ప్రాణం తీసుకున్న వారి కుటుంబాలు మన మధ్య ఉంటే, పోయినవారికి తీర్పు చెప్పే పని మనది కాదు. తీర్పు దేవునిది, ఓదార్పు మాత్రం మనకు అప్పగించబడిన పని. డాక్టర్ లోర్నా చెల్లెలు, ఆమె భర్త తమ దుఃఖాన్ని ఇంట్లో పెట్టుకుని తలుపు వేసుకోలేదు. ఆమె పేరిట ఒక సంస్థ స్థాపించారు. లైసెన్సు దరఖాస్తుల్లో గత మానసిక చికిత్స గురించి అడిగే ప్రశ్నలు తీసేయాలని పోరాడారు, చాలా రాష్ట్రాలు తీసేశాయి. వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం ఆమె పేరుతోనే అమెరికాలో ఒక చట్టం 2022 మార్చి 18న అమలులోకి వచ్చింది. ఆమె అడగడానికి భయపడిన సహాయం ఇకమీదట ఇంకొకరు భయపడకుండా అడగగలగాలన్నదే వారి ఆరాటం.

గాయపడి ఈ మాటలు చదువుతున్న వైద్య సేవకులారా, ఇక చాలు అని మీకు అనిపించి ఉంటే అది మీ భక్తికి మచ్చ కాదు. ఏలీయాకూ అలాగే అనిపించింది. ఆ మాట దేవునితో చెప్పండి, ఒక మనిషితో కూడా చెప్పండి. బెయేర్షెబాలో తోడును వదిలేసి ఒంటరిగా ఎడారిలోకి నడవకండి. ఏలీయా చనిపోవాలని కోరిన రోజున దేవుడు ఆ ప్రార్థనను ఆలకించలేదు. అతని కోసం ఇంకా రొట్టె ఉంది, దారి ఉంది, ఎలీషా ఉన్నాడు. మీ కోసం కూడా ఉన్నాయి.