వైర్లన్నీ ఒకటి కావు

ఆరేళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరిన మొదటి వారం. సోమవారం ఉదయం పిల్లలు స్కూలు బస్సెక్కారు, మావారు ఆఫీసుకు వెళ్లిపోయారు. 9 గంటలకు మీటింగ్. జీతాల లెక్కల షీట్లు రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో టీమ్‌కి చూపించాలి. తీరా చూస్తే శుక్రవారం చక్కగా వెలిగిన పెద్ద మానిటర్ ‘నో సిగ్నల్’ అంటోంది.

మాది డాలస్ దగ్గర. ఇంట్లోంచే పని. మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ డాకింగ్ స్టేషన్ అనే చిన్న డబ్బాకి పెట్టి ఉంటాయి. అక్కణ్ణుంచి లాప్‌టాప్‌కి ఒక్కటే యూఎస్‌బీ-సీ కేబుల్. ఛార్జింగ్ కూడా అందులోంచే.

కంగారులో అన్నీ పీకేసి మళ్లీ పెట్టాను. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. 8:15 అయింది. ‘ఇన్నేళ్లు ఇంట్లో కూర్చున్నావు, ఇదంతా నీవల్ల అవుతుందా?’ అని నా మనసే నన్ను అడుగుతోంది.

హైదరాబాద్‌లో తమ్ముడికి వీడియో కాల్ చేశాను. వాడి ఉద్యోగమే ఇది. అక్కడ సాయంత్రం 6:45.

“అక్కా, ఏది పనిచేయట్లేదో తర్వాత. ఏది పనిచేస్తోందో ముందు చెప్పు.”

“ఛార్జింగ్ ఎక్కుతోందిరా. కీబోర్డు, మౌస్ బాగానే ఉన్నాయి.”

“అయితే డాక్ బతికే ఉంది. ఇక ఒక్కోసారి ఒక్కటే మార్చు. నాలుగూ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు.”

మానిటర్ బటన్ నొక్కి ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ మీదే ఉందో లేదో చూడమన్నాడు. ఉంది. విండోస్ కీ, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోమన్నాడు. లాభం లేదు. డాక్ కరెంటు తీసి, అర నిమిషం ఆగి పెట్టమన్నాడు. అదే చీకటి. నా లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ పోర్ట్ లేదు. అందుకని మావారి పాత లాప్‌టాప్‌కి మానిటర్ కేబుల్ నేరుగా పెట్టించాడు. బొమ్మ వచ్చేసింది!

“అంటే మానిటర్, దాని కేబుల్ మంచివే. ఇక డాక్‌కీ నీ లాప్‌టాప్‌కీ మధ్య ఉన్న వైరు చూపించు.”

కెమెరా ముందు పెట్టాను. సన్నటి తెల్ల వైరు. వాడు నవ్వాడు. “ఇది ఫోన్ ఛార్జర్‌ది కదక్కా!”

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం పెద్దాడి టాబ్లెట్‌కి ఛార్జింగ్ పెట్టడానికి డాక్ వైరు పీకింది నేనే. తిరిగి పెట్టేటప్పుడు చేతికందింది పెట్టేశాను. కొస రెండింటికీ ఒకేలా ఉంటుంది. లోపల మాత్రం తేడా. ఛార్జింగ్ కేబుల్స్ చాలావాటిలో కరెంటుకీ, నెమ్మదిగా వెళ్లే డేటాకీ మాత్రమే తీగలుంటాయి. కీబోర్డుకీ మౌస్‌కీ ఆ వేగం చాలు. వీడియో వెళ్లే వేగవంతమైన తీగలు అందులో ఉండవు.

పిల్లల గదిలోంచి లావుపాటి నల్ల కేబుల్ వెతికి తెచ్చి పెట్టాను. 8:50కి తెర వెలిగింది. మీటింగ్ బాగా జరిగింది.

మీ ఇంట్లో ఇలా అయితే ముందు వైరు చూడండి. డాక్‌తో వచ్చిన కేబులే వాడండి. లాప్‌టాప్‌లోని యూఎస్‌బీ-సీ పోర్ట్‌లన్నీ వీడియో పంపవు కాబట్టి రెండో పోర్ట్‌లో కూడా పెట్టి చూడండి. కొన్ని డాక్‌లకు డిస్‌ప్లేలింక్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తేగాని బొమ్మ రాదు. ఆఫీసు లాప్‌టాప్ అయితే అది మీ ఐటీ వాళ్లే వేయాలి. 4కె మానిటర్‌లో మౌస్ కుదుపుగా కదులుతుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే పాత హెచ్‌డీఎంఐ కేబుల్ కారణం కావచ్చు, డాక్ పరిమితి కూడా కావచ్చు.

ఆ నల్ల కేబుల్‌కి ఇప్పుడు ఎర్ర దారం కట్టాను. టాబ్లెట్ ఛార్జింగ్ అయిపోయినా సరే, దాన్ని ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ముందుగా నాకే చెప్పుకున్నాను.