సోమశిల గోపురం మోయాల్సిన బరువు

కృష్ణకు ఈ ఒడ్డున నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల, ఆ ఒడ్డున నంద్యాల జిల్లా సిద్ధేశ్వరం. మధ్యలో శ్రీశైలం జలాశయపు వెనుక నీళ్లు. ఎదుటి గట్టు కళ్లెదుటే ఉంటుంది, బండి మీద చేరాలంటే మాత్రం బీచుపల్లి దగ్గర నది దాటి కర్నూలు చుట్టి రావాలి. ఆ చుట్టు తప్పించుకోవడానికి జనం పడవ ఎక్కుతారు. 2007 జనవరిలో ఈ నీళ్లలో పడవ మునిగి దాదాపు 60 మంది ప్రాణాలు పోయాక వంతెన కావాలన్న కోరికకు కాదనలేని బలం వచ్చింది. 2022 అక్టోబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 1,082.56 కోట్ల రూపాయలతో ఇక్కడ వంతెన మంజూరైనట్టు, 30 నెలల్లో కట్టేట్టు ప్రకటించారు. తీగల వంతెననూ వేలాడే వంతెననూ కలిపిన నిర్మాణం, గోపురాల్లాంటి స్తంభాలు, గాజు నడకదారి, వెలుగుల అలంకారం, హైదరాబాద్ నుంచి తిరుపతికి 80 కిలోమీటర్ల ఆదా అన్నవి ఆ ప్రకటనలోని మాటలు. రాయలసీమ నుంచి అభ్యంతరం వెంటనే వచ్చింది: అద్దాల బాట ఎవరడిగారు, ఆ డబ్బుతోనే వంతెన కింద అలుగు కట్టండి, మా పొలాలకు నీళ్లు నిలుస్తాయి అని. ఈ తగాదాలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదాని మెడకు ఒకటి చుట్టుకున్నాయన్నది నా వాదన. వాటిని విడదీస్తే వంతెన అవసరమూ నిలుస్తుంది, అలుగు కోరికకూ మర్యాద దక్కుతుంది; ఇబ్బందిలో పడేది గోపురం ఒక్కటే.

ముందు ఇంజినీరింగ్ సంగతి. ఇది పారే ఏరు కాదు, జలాశయం. నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, ఎండాకాలంలో అది పదుల అడుగులు దిగిపోతుంది. ఇలాంటి చోట నది మధ్యలో వేసే ప్రతి కాలూ ఖర్చే, ప్రతి పునాదీ గండమే. అందుకే కాళ్లు తగ్గించి, దూలాన్ని పైనుంచి పట్టుకోవాలన్న ఆలోచన. తీగల వంతెనలో స్తంభం తలనుంచి తిన్నగా దిగిన తీగలు రెండు పక్కలా రోడ్డును పట్టుకుంటాయి. తక్కెడలా ఒక పక్క బరువుకు మరో పక్క బరువు సరిపోవాలి, మొత్తం భారం స్తంభంలోంచి నేలకు దిగాలి. వేలాడే వంతెన తీరు వేరు. బట్టలారేసే తాడులా సాగిన పెద్ద కేబులు, దాన్నుంచి నిలువుగా వేలాడే తీగలు, రెండు కొసల్లోనూ ఆ లాగుడును ఓర్చుకునే లంగరు దిమ్మెలు ఇందులో ఉంటాయి. రెంటినీ కలిపితే స్తంభాల దగ్గర బిగువు, నడుమ పొడవు దక్కుతాయి. ఇస్తాంబుల్‌లో 2016లో తెరిచిన యావుజ్ సుల్తాన్ సెలీం వంతెన ఈ తీరుదే, అక్కడ రెండు స్తంభాల నడుమ దూరం 1,408 మీటర్లు. సోమశిల వంతెన ప్రపంచంలో రెండోది అవుతుందన్నారు గానీ, 1883 నాటి న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన మీద కూడా రెండు రకాల తీగలూ కనపడతాయి. ఈ ర్యాంకుల పందెం పక్కన పెడదాం. అసలు అడగాల్సింది, ఇక్కడ ఆ కలయిక ఎందుకని. కేవలం తీగలతోనే చైనాలోని సుతాంగ్ వంతెన వెయ్యి మీటర్లు దాటేసింది. హైదరాబాద్ దుర్గం చెరువు మీద 2020లో తీగలతో రెండు వందల మీటర్లకు పైగా దూరం కలిపారు. కాళ్లు తగ్గించడానికి తీగలు కావాలంటే ఒప్పుకోవచ్చు. రెండు పద్ధతులూ కావాలంటే మాత్రం లెక్క చూపించాలి, వింత చూపిస్తే సరిపోదు.

గోపురం మీదా అదే పేచీ. 1887లో పారిస్‌లో ఐఫిల్ టవర్ పునాదుల్లో ఉండగానే మొపాసా లాంటి రచయితలు, పేరున్న కళాకారులు కలిసి నిరసన పత్రం ప్రచురించారు. ఆ ఇనుప కాళ్ల వంపు గాలి ఒత్తిడి లెక్కలోంచి పుట్టిందని ఐఫిల్ జవాబిచ్చాడు. అంటే ఆకారం పనిలోంచి వచ్చింది. గోపురం పని ద్వారం మీద నిలబడి ఊరికి గుడి జాడ చెప్పడం. తీగల లాగుడు మోయడం దాని పని కాదు. పైగా ఎగువన తుంగభద్ర ఒడ్డున అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు పదమూడు శతాబ్దాలుగా వంపు తిరిగిన మరో రూపంలో నిలబడి ఉన్నాయి. గుడి పోలిక పెట్టాలనే పట్టుదల ఉంటే ఆ పక్కకు ఒకసారి చూడాల్సింది.

ఇక అలుగు. దీని వెనక కారణం చిన్నది కాదు. పోతిరెడ్డిపాడు తూముల నుంచి సీమకు నీళ్లు సరిగా మళ్లాలంటే జలాశయంలో 854 అడుగులైనా ఉండాలి. కరెంటు కోసం శ్రీశైలం ఖాళీ చేస్తే ఆ మట్టం నిలవదు. పోతిరెడ్డిపాడుకు దిగువన సిద్ధేశ్వరం దగ్గర అడ్డుకట్ట ఉంటే డ్యాం దగ్గర నీళ్లు తగ్గినా ఎగువన కొంత ఆగుతుంది. 2016 మే 31న వేలాది మంది రైతులు అక్కడికి వెళ్లి తామే శంకుస్థాపన చేసింది ఈ ఆశతోనే. వంతెన, అలుగు ఒకటిగా కట్టలేమా అంటే కట్టగలం. జూరాల ఆనకట్ట గేట్ల మీదుగా గద్వాల బండ్లు రోజూ పోతూనే ఉన్నాయి, విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీదా రోడ్డుంది. కానీ వంతెన నదీగర్భాన్ని ఎంత తక్కువ తాకితే అంత మేలు. అలుగు ఒడ్డు నుంచి ఒడ్డుకు అడుగంతా పట్టుకుని నీటి తోపుడుకు ఎదురు నిలవాలి. రెండూ కలిపితే పొడవాటి తీగలకు పనే లేదు. జూరాల మీద బరువు వాహనాలు ఆనకట్టకు మంచివి కావన్న ఆందోళన కూడా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

వంతెన కట్టేస్తే అలుగుకు దారి మూసుకుపోతుందన్న భయం సీమవాళ్లది. అది కొట్టిపారేయదగ్గది కాదు, ఒకసారి కోట్లు ఖర్చయ్యాక అదే చోట మళ్లీ కట్టమంటే వినేవాళ్లు తక్కువ. కాబట్టి స్తంభాల చోటు ఖరారు చేసేటప్పుడే అలుగుకు చోటు వదలమని రాతపూర్వకంగా అడగడం న్యాయం. అలుగు కట్టాలా వద్దా అన్నది మాత్రం రోడ్ల శాఖ తేల్చే మాట కాదు. కల్వకుర్తి ఎత్తిపోతలకు ఎల్లూరు దగ్గర తోడేదీ ఈ జలాశయం నీళ్లే. అలుగుకు ఎగువన మట్టం పెరిగితే ఎవరి వాటా ఎటు పోతుందో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ముందు రెండు రాష్ట్రాలూ కూర్చుని చూడాలి. పూడిక లెక్క వేరే ఉంది. 308 టీఎంసీలతో మొదలైన శ్రీశైలం నిల్వ 215 దగ్గరికి దిగింది. ఆ మట్టి అలుగు దగ్గర ఆగితే డ్యాం ఆయుష్షు పెరుగుతుందా, అలుగే పూడిపోతుందా అన్నది కొలతలతో తేలాలి.

నీళ్లు బాగా దిగిన ఎండాకాలంలో ఎగువన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పూజలకు పోతారు. నదిలో పునాదులు తవ్వడానికి అనువైనవి ఆ కొద్ది నెలలే. పోతిరెడ్డిపాడు తూముల్లోకి నీళ్లు అందనివీ ఆ నెలలే.